పేజీలు తగ్గించాల్సి వస్తే మొదట మా ఊళ్లే ఎందుకు పోతున్నాయి? - తెలుగు మీడియా యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, వార్తా చానెళ్ల యజమానులకు, సంపాదకులకు

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 21 ఏళ్లుగా మండల విలేకరిగా పని చేస్తున్నాను. ఆఫీసు లెక్కల్లో కంట్రిబ్యూటర్‌ని, అంటే ఉద్యోగిగా లెక్కలోకి రాని విలేకరిని. ఇది నా ఒక్కడి లేఖ కాదు. చుట్టుపక్కల మండలాల్లో వేర్వేరు పత్రికలకు, చానెళ్లకు పని చేసే 11 మందిమి కూర్చుని మాట్లాడుకుని రాసుకున్నది. ఇందులోని విషయాలను గత ఏడాది రెండుసార్లు ఎవరి యూనిట్ ఆఫీసులో వాళ్లం రాసి ఇచ్చాం. ఒకసారి జిల్లా మీటింగులో లేచి అడిగాం. "పైకి పంపాం" అన్నారు. పైనుంచి ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాం.

ముందు 2018 అక్టోబరు 11 గురించి చెప్పనివ్వండి. తిత్లీ తుపాను ఆ రోజు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి బయటికొచ్చి చూస్తే కొబ్బరిచెట్లు తోటలకు తోటలే నేలమీద పడి ఉన్నాయి. జీడితోటలదీ అదే గతి. కరెంటు స్తంభాలు విరిగాయి, సెల్ టవర్లు పనిచేయడం మానేశాయి. మా వీధి చివర చింతచెట్టు అడ్డంగా పడింది. దానికి అవతల ఏం జరిగిందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను నోటుబుక్కు కాగితాల మీద వార్తలు రాసి, ఫొటోలున్న మెమరీ కార్డు అందులోనే మడిచి, శ్రీకాకుళం వెళ్తున్న అంబులెన్సు డ్రైవరుకు ఇచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

మూడో రోజు మా ఊరికి పేపరు కట్ట వచ్చింది. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు జిల్లా పేజీ పైకి చదువుతుంటే చుట్టూ నలభై మంది నిలబడ్డారు. ఎక్కడ జనరేటరు పెట్టి నీళ్ల ట్యాంకు నింపుతున్నారు, ఏ రోడ్డు మీద చెట్లు తీశారు, బియ్యం ఎక్కడ ఇస్తున్నారు, అన్నీ ఊరి పేర్లతో సహా ఉన్నాయి. ఒక పెద్దావిడ తన కూతురిని ఇచ్చిన ఊరి పేరు ఉందేమో చూడమంది. ఉంది. పక్క మండలం విలేకరి రాసిన నాలుగు లైన్ల వార్త అది. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయాయి, ప్రాణనష్టం లేదు అని. "ప్రాణనష్టం లేదు" అన్న మాటను ఆవిడ ఆ కుర్రాడి చేత మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఆ నాలుగు లైన్లు రాసిన మనిషికి మీరు ఇచ్చింది ఎంతో, ఇప్పుడాయన ఏం చేస్తున్నాడో కింద చెబుతాను.

మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. న్యూస్‌ప్రింటులో, అంటే పేపరు అచ్చేసే కాగితంలో, ఎక్కువ భాగం విదేశాల నుంచే కొనాలి. 2019 బడ్జెట్లో దాని మీద 10 శాతం సుంకం వేశారు, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించారు. కరోనా వచ్చి ప్రకటనలు ఆగిపోయాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక కాగితం ధర మళ్లీ ఎగిరింది. పాఠకులు ఫోన్లోకి వెళ్లారు, వాళ్ల వెనకే ప్రకటనల డబ్బు గూగుల్, ఫేస్‌బుక్‌లకు వెళ్లింది. ప్రభుత్వం మారితే సర్కారు ప్రకటనలు ఎవరికి వస్తాయో, ఎవరికి ఆగుతాయో చెప్పలేం. ఈ పరిస్థితుల్లో ఖర్చు తగ్గించుకోవద్దని మేము అనడం లేదు. కోత పడిన ప్రతిసారీ అది అట్టడుగు నుంచే మొదలవుతోంది, అదే మా ఫిర్యాదు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన కొద్ది వారాల్లోనే జిల్లా అనుబంధాలు ఆగిపోయాయి. మెయిన్ పేపర్లో జిల్లాకు రెండు మూడు పేజీలు మిగిల్చారు. కరోనా పోయింది. మా పేజీలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ పేజీల విలువ మాకంటే మీకే బాగా తెలియాలి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాకే ఊరి వార్త పేపర్లోకి రావడం మామూలు విషయమైంది. మిగతా పత్రికలూ ఆ దారిలో నడిచాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన వార్త జిల్లా పేజీల్లోనే ఊరూరా తిరిగింది. ఒక ఊరివాళ్లు చేసింది చదివి ఇంకో ఊరివాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. ఏ ఊరి పేరూ రాయని పేపరుతో అది జరిగేదా?

ఇప్పుడు ఆ ఊరి పేర్లు పోవడం వల్ల జనానికి ఏం జరుగుతోందో, మేము ఏం అడుగుతున్నామో వరసగా రాస్తున్నాను.

1. కష్టకాలంలో జిల్లా పేజీలు పెరగాలి, తగ్గకూడదు.

2020 ఏప్రిల్ సంగతి. మా తీరం నుంచి గుజరాత్ వెరావల్‌కు చేపలవేటకు వెళ్లిన మత్స్యకారులు వేలమంది అక్కడి హార్బరులో బోట్ల మీదే ఇరుక్కుపోయారు. ఇక్కడ వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు అన్నం సహించేది కాదు. వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చేది, బోటులో కుర్రాళ్లు ఏడుస్తూ మాట్లాడేది. అది ఎప్పటిదో, ఏ బోటుదో తెలిసేది కాదు. అప్పుడే మా పేజీలు కుదించారు. బస్సులు బయల్దేరాయా, ఏ ఊరివాళ్లు ఏ బస్సులో ఉన్నారు, వచ్చాక ఎక్కడ ఉంచుతారు అని నేను కనుక్కుని పంపిన వార్తలు సగం "స్పేస్ లేదు" అని ఆగిపోయాయి. వాటిని నా ఫోన్లో టైపు చేసి మత్స్యకార గ్రామాల గ్రూపుల్లో పెట్టాను. పేపరు చేయాల్సిన పని అది.

ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి మీకు చెప్పక్కర్లేదు, దాని మీద మీ అందరూ ప్రత్యేక కథనాలు వేశారు. పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ కేంద్రాలకు వెళ్లాల్సినవాళ్లకు లాక్‌డౌన్లో కావాల్సింది ప్రత్యేక కథనం కాదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ జరగకపోతే ప్రాణం నిలవని మనుషులు వాళ్లు. రేపు బండి వస్తుందా, పాసు ఎవరిస్తారు, ఏ షిఫ్టుకు రావాలి, ఈ మూడు ముక్కలు చాలు. వేయడానికి జాగా లేదన్నారు.

అందుకని మా మొదటి కోరిక: తుపాను, వరద, అంటురోగం, ఏదైనా పెద్ద ప్రమాదం వచ్చిన జిల్లాకు ఆ రోజుల్లో కనీసం ఒక పూర్తి పేజీ సమాచారానికే కేటాయించండి. విశ్లేషణలు, నాయకుల పర్యటన ఫొటోలు అందులో వద్దు. ఏ ఊళ్లో ఏది దొరుకుతుంది, ఎవరిని అడగాలి, అంతే. కాగితం ఖర్చు కుదరకపోతే అదే పేజీని ఫోన్లో ఉచితంగా పంపండి, మేము ఊరూరా చేరుస్తాం. పేపరు కొనేవాళ్లకే ఇస్తామని ఆ నాలుగు రోజులు మాత్రం అనకండి.

2. తెలియనిది తెలియదని చెప్పండి.

ఇది ముఖ్యంగా చానెళ్లకు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ రాత్రే మళ్లీ లీకైందన్న మాట పాకింది. అర్ధరాత్రి పసిపిల్లలను ఎత్తుకుని, ముసలివాళ్లను బళ్ల మీద ఎక్కించుకుని కుటుంబాలు రోడ్ల మీదికి వచ్చేశాయి. మా బంధువుల ఇల్లు గోపాలపట్నం. మా వదిన ఆ రాత్రి ఫోన్ చేసి "టీవీలో ఒకడు లీకైందంటున్నాడు, ఇంకోడు కాలేదంటున్నాడు, ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. 16 ఏళ్లు అప్పటికే విలేకరిగా చేసిన నేను ఆవిడకు జవాబు చెప్పలేకపోయాను. ఆ టెన్షన్ ఎలాంటిదో స్టూడియోలో కూర్చుంటే తెలియదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడూ అంతే. సింగ్‌నగర్ జనం మేడల మీద ఉండగానే బుడమేరు కట్టకు మళ్లీ గండి పడిందని పుకారు. అది తప్పని అధికారులు చెప్పాల్సి వచ్చింది.

ఫీల్డులో ఉన్న మా మీద ఆ సమయంలో ఎంత ఒత్తిడి ఉంటుందో మీకు తెలుసు. పక్క చానెల్లో స్క్రోలింగ్ వచ్చింది, మనకెందుకు రాలేదు అని ఫోన్. "ఇంకా కన్ఫర్మ్ కాలేదండీ" అంటే "కన్ఫర్మ్ అయ్యాక అందరికీ తెలుస్తుంది, నువ్వెందుకు?" అని నా ముఖాన్నే అన్నారు. ఆ మాట మారాలి. కన్ఫర్మ్ కాని వార్తను ఆపిన విలేకరిని తప్పుపట్టబోమని రాతపూర్వకంగా ఇవ్వండి. తెర మీద మూడు విషయాలు విడివిడిగా చూపించండి: మాకు తెలిసింది ఇది, అధికారులు చెప్పింది ఇది, ఇంకా తెలియాల్సింది ఇది. పాత తుపాను దృశ్యాలు వేస్తే వాటి తేదీ అక్కడే వేయండి. ఏఐతో తయారు చేసిన వరద బొమ్మలు, వీడియోలు విపత్తు వార్తల్లో అసలే వాడొద్దు. తప్పు వేస్తే, ఎంత పెద్దగా వేశారో సవరణ కూడా అంత పెద్దగానే వేయండి. చిన్న సవరణ లోపలి పేజీలో వేస్తే మా ఊళ్లో ఎవరి కంటా పడదు. కనబడేది మేమే. తిట్లు తినేదీ మేమే.

3. విలేకరికి పనికి తగిన డబ్బు ఇవ్వండి, యాడ్ టార్గెట్ ఎత్తేయండి.

తిత్లీ అప్పుడు ఆ నాలుగు లైన్లు రాసిన మిత్రుడికి లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, ఆ నెల వచ్చింది 1,140 రూపాయలు. బండి పెట్రోలుకే అంతకు మూడింతలైంది. ఇప్పుడు ఆయన విలేకరి కాదు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో గుమాస్తా. 2022 ఆగస్టు 15కి ఇచ్చిన యాడ్ టార్గెట్ సగమే తెచ్చాడని పక్కన పెట్టారు. ఆ మండలంలో ఇప్పుడు యాడ్స్ బాగా తెచ్చే ఒకాయన ఉన్నారు. వార్తలు ప్రెస్‌నోట్ వస్తేనే వస్తాయి.

ఈ టార్గెట్ల వల్ల చివరికి నష్టపోయేది జనం. ఉగాదికి, సంక్రాంతికి, జనవరి 26కి, పత్రిక వార్షికోత్సవానికి నేను ఎవరి దగ్గరికి వెళ్లి యాడ్ అడగాలి? ఇసుక తోలేవాడిని, రేషన్ డీలరును, ప్రైవేటు ఆసుపత్రి యజమానిని, సర్పంచిని. రేపు వరదసాయం జాబితాలో పేర్లు తారుమారైతే అదే సర్పంచి మీద నేను వార్త రాయాలి. ఎలా రాస్తాను? రాయలేక వదిలేసిన వార్తలు నాకూ ఉన్నాయి. తిత్లీ తర్వాత ఒక ఊళ్లో పరిహారం జాబితాలో చెట్లు లేనివాళ్ల పేర్లు చేరాయని ఒక రైతు నా ఇంటికి వచ్చి కాగితాలు చూపించాడు. నేను రాయలేదు. ఆయన ఇప్పటికీ ఎదురుపడితే నమస్కారం పెడతాడు. నేను తలెత్తి ఆయన ముఖం చూడలేను.

వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది. జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉండి, ఒక సంస్థలో పని చేస్తుంటే, అది పూర్తికాలమైనా పార్ట్‌టైమైనా ఆ మనిషిని జర్నలిస్టుగానే ఆ చట్టం గుర్తించింది. జర్నలిస్టుల జీతాల మీద మజీఠియా వేజ్‌బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సమర్థించింది. మా దాకా ఏదీ రాలేదు. కారణం సులువు. మా చేత "నాకు వేరే వృత్తి ఉంది, సరదాకి వార్తలు పంపుతాను" అన్న అర్థం వచ్చే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. 2020లో తెచ్చిన కార్మిక కోడ్‌లో ఆ పాత చట్టాన్ని కలిపేశారు. కోడ్ ఏదైనా, ఆ కాగితం ఉన్నంతకాలం మేము ఎవరికీ లెక్కలోకి రాం.

మేము అడుగుతున్నవి: మండల విలేకరికి నెలకు ఇంత అని ఒక స్థిరమైన మొత్తం, అదీ బ్యాంకు ఖాతాలో. వార్తలు రాసేవారిని యాడ్స్ నుంచి పూర్తిగా తప్పించడం. యాడ్స్‌కు కమీషన్ మీద వేరే మనుషులను పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఐడీ కార్డుకు, లోగోకు విలేకరి దగ్గర డబ్బు తీసుకునే చానెళ్లు ఆ పని ఈ నెలతోనే ఆపాలి. కార్డు కొనుక్కున్నవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడో మీరు ఊహించగలరు. ఊళ్లో "విలేకరి వచ్చాడు" అంటే జనం భయపడే రోజు వచ్చిందంటే దానికి మూలం ఇక్కడుంది.

4. చనిపోతే కుటుంబానికి ఒక కాగితమైనా ఇవ్వండి.

2021 మేలో ఇంకో పక్క మండలం విలేకరి కరోనాతో పోయాడు. ఆసుపత్రిలో పడకలు ఖాళీ లేవన్న వార్త కోసం వార్డు బయట తిరిగాడు, పది రోజులకు అదే ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 43. కేంద్రం జర్నలిస్టుల సంక్షేమ పథకం కింద కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల వరకు సాయం ప్రకటించింది. దానికి ఆయన విలేకరిగా పని చేశాడని సంస్థ ధ్రువపత్రం కావాలి. ఆయన భార్య దానికోసం సంస్థ ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లింది. ఆయన మా ఉద్యోగి కాదన్నారు. చివరికి ఆవిడ ఆయన వార్తలు అచ్చయిన పేపర్లు సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టింది. ఆ కటింగుల మీద ఆయన పేరు లేదు. పైన ఉన్నది సంస్థ పేరు, "న్యూస్‌టుడే", "మేజర్‌న్యూస్" లాంటి క్రెడిట్‌లైను మాత్రమే.

ప్రతి కంట్రిబ్యూటరుకూ నియామక పత్రం, ప్రమాద, ఆరోగ్య బీమా కావాలి. తుపానుకో, వరదకో పంపేటప్పుడు లైఫ్ జాకెట్టు, టార్చిలైటు, పవర్‌బ్యాంకు ఇవ్వండి. ఇవేమీ పెద్ద కోరికలు కావు.

5. విపత్తు రోజుల్లో పార్టీలను పక్కన పెట్టండి.

ఏ పేపరు ఏ పార్టీ వైపో మా ఊళ్లో పదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. అది మీ ఇష్టం, ఎన్నికలప్పుడు మీ వాదన మీరు చేసుకోండి. కానీ వరదొచ్చిన మర్నాడు ఒక పేపర్లో అందరికీ సాయం అందింది, ఇంకో పేపర్లో ఒక్కరికీ అందలేదు అని వస్తే, మెట్టమీద ఉన్న రైతుకు తన పల్లపు పొలం సంగతి ఏం అర్థమవుతుంది? మా ఊళ్లో కొందరు రెండు పేపర్లూ మానేశారు. ఫోన్లో ఏది వస్తే అదే నమ్ముతున్నారు. మేము పంపిన కాపీలో "సగం మందికి అందింది" అని ఉంటే డెస్కులో ఆ సగాన్ని తీసేయవద్దని కోరుతున్నాం. అంకెలు మార్చాల్సి వస్తే మాకు ఒక్క ఫోన్ చేసి అడగండి.

6. ఏఐని మనిషి బదులు కాదు, మనిషికి సాయంగా పెట్టండి.

ప్రెస్‌నోటును వార్తగా మార్చడానికి, అచ్చుతప్పులు దిద్దడానికి దాన్ని వాడుకుంటే మంచిదే, మేమూ వాడుతున్నాం. దానివల్ల మిగిలిన డబ్బుతో ఒక మండలానికి ఒక మనిషిని నిలబెట్టండి. వంశధార గట్టు ఎక్కడ జారుతోందో వెళ్లి చూసి రావాల్సింది మనిషే.

పాఠకులకు కూడా ఒక మాట. పేపరు బిల్లు అయిదారు రూపాయలు పెరిగితే మానేసేముందు, మీ జిల్లా పేజీలో మీ ఊరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూడండి. రాకపోతే పేపరు మానొద్దు, ఎడిటరుకు ఉత్తరం రాయండి. మేము రాస్తే యూనిట్ ఆఫీసులో ఆగుతోంది. చందాదారు రాస్తే ఆగదు.

సంపాదకులను ప్రత్యేకంగా కోరుతున్నది ఒకటే. మీలో చాలామంది మండలాల్లో సైకిళ్ల మీద తిరిగి వార్తలు రాసి పైకి వచ్చినవారే. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఆ రోజులు గుర్తుపెట్టుకుని మా తరఫున మాట్లాడండి.

మాకు అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. ఆలోగా, అంటే సెప్టెంబరు 30 లోపు, పై ఆరింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. జవాబు వస్తే దాన్ని ఉన్నదున్నట్టు జనం ముందు పెడతాం. రాకపోతే జిల్లా కేంద్రంలో చందాదారులను, పేపరు ఏజెంట్లను పిలిచి సమావేశం పెడతాం. అప్పటిదాకా రోజూ పంపినట్టే వార్తలు పంపుతూనే ఉంటాం.

ఇట్లు,
ఉద్దానం మండలాల విలేకరులు 11 మంది తరఫున
ఒక మండల విలేకరి, శ్రీకాకుళం జిల్లా